రాత్రంతా సాగే కథ – రెండు గంటలకు తెగే ఫైలు

ఒగ్గుకథ రాత్రి భోజనాలు ముగిసిన తరువాత మొదలై, తొలికోడి కూసే వేళకు గాని మంగళం పాడదు. మల్లన్న పుట్టుక మొదలుకొని గొల్లకేతమ్మ, మేడలమ్మల పెండ్లి ముచ్చట్ల వరకు విస్తరించి చెప్పే కథకునికి ఒక్క రాత్రి చాలకపోవడం కూడా కద్దు. ఇంతటి కథను పొల్లుపోకుండా నిలువ చేసుకొనడం ఒకప్పుడు సామాన్య గృహస్థునకు సాధ్యమయ్యే పని కాదు. నేడు జేబులో ఇమిడే డిజిటల్ రికార్డరు ఆ పనిని ఎంతో సులభం చేసినది. మీట నొక్కి పందిరి గుంజకు కట్టితే చాలు, తెల్లవార్లు తన పని తాను చేసుకొనిపోతుంది.

అయితే మరునాడు మెమరీ కార్డును కంప్యూటరులో పెట్టి చూసినప్పుడు చాలామందికి ఒక దిగులు కలుగుతున్నది. రికార్డు చేసినది ఒకే కథ. మీట నొక్కినది ఒకేసారి. కార్డులో మాత్రం ఒకటికి బదులు మూడో నాలుగో ఫైళ్లు కనబడతాయి. మొదటి మూడూ సరిగ్గా ఒకే పరిమాణంలో ఉంటాయి. చివరిది చిన్నదిగా ఉంటుంది. మొదటిదానిని వినిపిస్తే కథకుని మాట సగంలో తెగిపోతుంది. యంత్రం చెడిపోయినదా? మధ్యలో ఆగి, మళ్ళీ తనంతట తానే నడిచినదా? ఆ నడుమ జరిగిన కథ ఏమైనది? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియనందువల్ల, మొదటి ఫైలును మాత్రమే తీసుకొని తక్కినవాటిని అనవసరపు నకళ్లుగా ఎంచి చెరిపివేసేవారు ఉన్నారు. నష్టమంతా అక్కడనే జరుగుతున్నది. కనుక ఈ ప్రసంగంలో ఆ ఫైలు ఎందుకు తెగుతుందో, తెగినచోట ఏమైనా పోతుందో లేదో, తెగినదానిని తిరిగి ఒకటిగా ఎట్లా నిలుపుకొనవలెనో చూద్దాము.

ఈ విషయం మన ఉత్తర తెలంగాణానికి ప్రత్యేకంగా పట్టవలసినది. మంచిర్యాలను ఆనుకొని ఉన్న నస్పూరునే తీసుకొందాము. గోదావరికి చేరువగా, సింగరేణి సంస్థవారి శ్రీరాంపూరు గనులకు నెలవైన ప్రాంతమిది. బొగ్గుబాయి పనికి చుట్టుపట్ల పల్లెలనుండి, గోదావరి ఆవలి కరీంనగరం పల్లెలనుండి తరలివచ్చిన కుటుంబాలు తమ తట్టా బుట్టలతోపాటు తమ ఇలవేల్పులను కూడా వెంట తెచ్చుకొన్నవి. మల్లన్నకు పట్నాలు వేయడం, బీరప్పకు, ఎల్లమ్మకు కొలుపులు చేయడం, ఒగ్గువారిని పిలిపించి కథ చెప్పించడం ఆ విధంగా గని కాలనీలలోనూ కొనసాగినవి. నేలమీద రంగు పొడులతో పట్నం తీర్చి, డోలు, తాళాలు మ్రోగుచుండగా, ప్రధాన కథకుడు ఒగ్గు వాయిస్తూ పాడి, ఆడి, అభినయించి చెప్పే ఈ కథకు వ్రాతప్రతి ఉండదు. కథకుని కంఠమే దాని గ్రంథం. కరీంనగరం ప్రాంతంలో ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములు 2010లో, జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య 2017లో మనకు దూరమైనారు. వారు పాడినవాటిలో ఏవి రికార్డుకు ఎక్కినవో అవి మాత్రమే నేడు వినగలము. తక్కినవి విన్నవారి జ్ఞాపకాలలో మాత్రమే ఉన్నవి.

మన అడవి సీమ మాట కూడా ఇట్టిదే. రాజగోండుల వంశగాథలను ప్రధానులు కిక్రి వాయిస్తూ పాడి వినిపిస్తారు. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయి గ్రామంలో నివసించి, గోండుల పురాణగాథలను, ఆచారాలను వివరిస్తూ 1948లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించినాడు. ఆ గ్రంథం గాథలను నిలిపినది. కాని ఎంత గొప్ప గ్రంథమైనా కిక్రి నాదాన్ని వినిపించలేదు కదా! ఆ నాదాన్ని, ఆ కంఠాన్ని పట్టి ఉంచగల సాధనం నేడు నడిమితరగతి ఇంటిలోనే ఉన్నది. ఉన్న సాధనాన్ని సరిగా వాడుకొనడమే మిగిలినది.

నిడివిగల కథను ముక్కలుగా పట్టవలసి రావడం నేటి వింత కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను పలక ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషాల పాటకు మాత్రమే చోటిచ్చేది. నాటకం వినదలచినవారు పలకల కట్టను ప్రక్కన పెట్టుకొని, ఒకటి ముగియగానే మరొకటి మార్చుకొనేవారు. 1934-35 సంవత్సరాలలో అమెరికా పండితుడు మిల్మన్ పారీ యుగోస్లావియాలో వీరగాథలు పాడే గాయకులను రికార్డు చేయబోయినప్పుడు ఈ చిక్కే ఎదురైనది. గంటలకొలది సాగే గాథ నాలుగు నిమిషాల పలకలో ఎట్లా ఇముడుతుంది? ఆయన రెండు తిరుగుడు బల్లలుగల యంత్రాన్ని ప్రత్యేకంగా చేయించుకొన్నాడు. ఒక అల్యూమినియం పలక నిండబోతుండగానే రెండవ బల్లమీద పలక మొదలయ్యేది. గాయకుడు ఆగవలసిన పని లేదు. గాథ తెగవలసిన పని లేదు. పలకలు మాత్రం వేలకొలది పోగైనవి.

తరువాత వచ్చిన టేపు కొంత ఊరట కలిగించినది. ఏడంగుళాల చక్రానికి చుట్టిన 1200 అడుగుల టేపు, క్షణానికి ఏడున్నర అంగుళాల వేగంతో నడిస్తే 32 నిమిషాలు వచ్చేది. 1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన కాసెట్టు పల్లెపల్లెకూ చేరినది. అరవై నిమిషాల కాసెట్టయితే ప్రక్కకు ముప్పది నిమిషాలు, తొంబది నిమిషాలదయితే ప్రక్కకు నలుబది అయిదు నిమిషాలు. కాసెట్టు కాలంలో కథలు రికార్డు చేసినవారికి ఒక అలవాటు ఉండేది. టేపు అయిపోవస్తున్నదని గమనించి, కథకుడు ఊపిరి తీసుకొనే చోటనో, డోలు దరువు పడే చోటనో చటుక్కున తీసి త్రిప్పి పెట్టేవారు. తెగినచోటు అందంగానే ఉండేది. కాని త్రిప్పే ఆ కొద్ది క్షణాలలో పాడినది ఎన్నటికీ రాకుండా పోయేది.

డిజిటల్ రికార్డరు ఇందుకు సరిగ్గా విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. అది తెగేచోటును ఎంచుకొనదు. మాట మధ్యలోనే, ఒక్కొక్కప్పుడు అక్షరం మధ్యలోనే కోస్తుంది. కాని సక్రమంగా తయారైన యంత్రంలో ఆ కోతవద్ద ఏమీ పోదు. మొదటి ఫైలులోని చివరి శబ్దపు తునకకు వెనువెంటనే ఉన్న తునక రెండవ ఫైలు తొలి స్థానంలో ఉంటుంది. ఈ భేదాన్ని గ్రహించడమే ఈ విషయానికంతటికీ తాళపుచెవి.

ఇక ఎందుకు కోస్తుందో చూద్దాము. డిజిటల్ రికార్డరు శబ్దాన్ని అంకెలుగా వ్రాసుకొంటుంది. మైకును చేరిన ధ్వని తరంగం ఎత్తును క్షణానికి 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా కార్డుమీద నమోదు చేస్తుంది. సంగీతపు కాంపాక్టు డిస్కులో వాడేది ఈ లెక్కే. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు. ఎడమ, కుడి అని రెండు చెవులకు రెండు వరుసలు. వెరసి క్షణానికి 1,76,400 బైట్లు. గంటకు సుమారు 63 కోట్ల 50 లక్షల బైట్లు. ఇంకను నాణ్యంగా ఉండవలెనని క్షణానికి 48,000 కొలతలు, కొలతకు మూడు బైట్లు చొప్పున తీసుకొంటే, క్షణానికి 2,88,000 బైట్లు అవుతాయి. అప్పుడు గంటకు 103 కోట్లు దాటుతుంది. ఈ పద్ధతిని సాంకేతిక పరిభాషలో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు అంటారు. పాత టేపులను డిజిటల్ రూపంలోకి మార్చే ధ్వనిభాండారాలకు అంతర్జాతీయ సంఘంవారు కనీస ప్రమాణంగా సూచించినది కూడా ఇదే.

ఈ అంకెలన్నిటినీ కుదింపు లేకుండా యథాతథంగా దాచే ఫైలును వేవ్ ఫైలు అంటారు. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు కలిసి దీని స్వరూపాన్ని నిర్ణయించినవి. దుకాణపు ఖాతా పుస్తకం మొదటి పుటలో మొత్తం పద్దు వ్రాసినట్లు, వేవ్ ఫైలు మొదట ‘ఇందులో ఇన్ని బైట్లు ఉన్నవి’ అని వ్రాసే గడి ఒకటి ఉంటుంది. ఆ గడికి కేటాయించిన చోటు నాలుగు బైట్లు. అనగా ముప్పదిరెండు స్థానాలు. ఒక్కొక్క స్థానంలో సున్న గాని ఒకటి గాని మాత్రమే ఉండగలదు.

ముప్పదిరెండు స్థానాలలో ఎంత పెద్ద సంఖ్య పట్టుతుంది? చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లా రెట్టింపు చేస్తూ పోవలెనని వరమడిగిన పండితుని కథ మన పిల్లలందరూ విన్నదే. ఆ బల్లలో సరిగ్గా సగం, అనగా ముప్పదిరెండు గడులు నిండేసరికి పోగయ్యే గింజలు 4,29,49,67,295. మన గడిలో వ్రాయగల అతి పెద్ద సంఖ్య కూడా సరిగ్గా అదే. సుమారు 429 కోట్ల బైట్లు. వాడుకలో నాలుగు గిగాబైట్లు. అంతకు మించితే గడిలో వ్రాయడానికి చోటు లేదు. అయిదంకెల మీటరుగల మోటారు బండి 99,999 మైళ్ళు నడచిన తరువాత మళ్ళీ సున్నలే చూపినట్లు, ఆ గడి కూడా మొదటికి వస్తుంది. అప్పుడు ఫైలులో బండెడు శబ్దమున్నా, పద్దు మాత్రం గుప్పెడు ఉన్నట్లు చూపుతుంది.

మరి కొన్ని యంత్రాలు నాలుగు గిగాబైట్లదాకా పోకుండా రెండింటివద్దనే తెగగొట్టడానికి కారణమేమి? కంప్యూటరు లెక్కలలో సంఖ్యకు ధనమా, ఋణమా అనే గుర్తు పెట్టడానికి ఒక స్థానాన్ని కేటాయించే సంప్రదాయం ఒకటి ఉన్నది. ఆ సంప్రదాయాన్ని అనుసరించి వ్రాసిన సాధనాలకు మిగిలేవి ముప్పదిఒక్క స్థానాలే. చదరంగపు బల్లలో ఒక గడి తగ్గితే గింజలు సగమవుతాయి. ఇక్కడ 214 కోట్లు, అనగా రెండు గిగాబైట్లు. తమ ఫైలు ఏ పాత సాధనంలోనైనా నిస్సంశయంగా తెరుచుకొనవలెనని కోరిన తయారీదారులు ఈ చిన్న హద్దునే పాటించినారు.

కార్డు విధించే హద్దు వేరొకటి ఉన్నది. కార్డుమీద ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో లెక్క ఉంచే అమరికను ఫైలు వ్యవస్థ అంటారు. 32 గిగాబైట్లవరకు గల సాధారణ కార్డులలో ఉండే ఫ్యాట్-32 అనే వ్యవస్థ 1996లో వాడుకలోకి వచ్చినది. అందులోనూ ఫైలు పరిమాణం వ్రాసే గడికి ఉన్నవి ముప్పదిరెండు స్థానాలే. కాబట్టి కార్డులో ఎంత చోటు ఖాళీగా ఉన్నా, ఒక్క ఫైలు నాలుగు గిగాబైట్లను మించరాదు. ఈ హద్దులు పెట్టినవారు దూరదృష్టి లేనివారని అనరాదు. 1991లో ఇంటి కంప్యూటరులోని డిస్కు మొత్తం కలిపి కొన్ని పదుల, మహా అయితే కొన్ని వందల మెగాబైట్లు. ఒక్క ధ్వని ఫైలు నాలుగు వేల మెగాబైట్లు అవుతుందని ఊహించడం, ఆనాడు గరిసెడు వడ్లను గంపలో పోయబోవడం వంటిది.

ఇప్పుడు లెక్కను మన ఇంటికి తెద్దాము. నస్పూరులో ఒక ఇంట మల్లన్న పట్నాలు వేయించి, రాత్రి 9 గంటలకు కథ మొదలుపెట్టించినారని అనుకొందాము. రికార్డరును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లకు అమర్చినారు. దాని హద్దు రెండు గిగాబైట్లు. క్షణానికి 2,88,000 బైట్ల చొప్పున ఆ హద్దు 2 గంటల 4 నిమిషాల 16 క్షణాలకు నిండుతుంది. రాత్రి 11 గంటల 4 నిమిషాలకు మొదటి ఫైలు ముగిసి రెండవది తెరుచుకొంటుంది. మరల 1 గంట 8 నిమిషాలకు ఒకసారి, 3 గంటల 12 నిమిషాలకు ఇంకొకసారి ఇదే జరుగుతుంది. తెల్లవారి 5 గంటలకు కథ ముగిస్తే, మూడు నిండు ఫైళ్లు, ఒక కొరత ఫైలు, మొత్తం నాలుగు. అన్నీ కలిసి సుమారు 829 కోట్ల బైట్లు. అనగా 8 గిగాబైట్ల కార్డు ఈ కథకు చాలదు. 16 గిగాబైట్లది కావలెను. అదే కాంపాక్టు డిస్కు ప్రమాణానికి అమర్చి ఉంటే హద్దు 3 గంటల 22 నిమిషాలకు వచ్చేది. ఫైళ్లు మూడే అయ్యేవి. హద్దు నాలుగు గిగాబైట్లుగల యంత్రమయితే ఈ గంటలన్నీ రెట్టింపవుతాయి. ఒకే మైకుతో ఒకే వరుసగా రికార్డు చేసినా రెట్టింపవుతాయి.

కుదించిన ఎంపీ-త్రీ పద్ధతిలో ఈ బాధే ఉండదు కదా అని కొందరు అనవచ్చును. నిజమే. క్షణానికి 16,000 బైట్లు చాలే సాధారణ ఎంపీ-త్రీ రికార్డింగు రెండు గిగాబైట్లలో 37 గంటలు పట్టుతుంది. కాని కుదింపు అనగా చెవి అంతగా పట్టించుకొనదనుకొన్న శబ్దాన్ని విసర్జించడం. విసర్జించినది తిరిగి రాదు. డోలు ఉరుమునడుమ వంతకాని సన్నని పలుకు, తాళాల చివరి అనునాదం ఇట్టి కుదింపులో మొదట మసకబారుతాయి. పైగా కుదించిన ఫైళ్లకు మొదట, చివర కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. అందువల్ల వాటిని అతికినచోట చిన్న వెలితి వినబడవచ్చును. నాలుగు ఫైళ్లను జాగ్రత్తపెట్టుకొనే శ్రమకు వెరచి కథ నాణ్యాన్ని వదులుకొనడం మంచి బేరం కాదు.

నస్పూరువారికి ఈ ఫైళ్ల మార్పిడిని బోధపరచడానికి దూరపు ఉపమానం అక్కరలేదు. గనిలో రోజుకు మూడు షిఫ్టులు. ఒక షిఫ్టువారు పైకి వస్తారు, మరొక షిఫ్టువారు దిగుతారు. మనుషులు మారినారే గాని బొగ్గుపొర ఒకటే. మొదటివారు ఎక్కడ ఆపినారో రెండవవారు అక్కడినుండే అందుకొంటారు. షిఫ్టు మారినదని గని మూతపడినట్లు ఎవరూ భావించరు. రికార్డరులో ఫైలు మారడమూ అంతే. మొదటి ఫైలును మూసే లోపల వచ్చిన శబ్దాన్ని యంత్రం తన లోపలి తాత్కాలిక జ్ఞాపకంలో ఆపి ఉంచి, రెండవ ఫైలు తెరవగానే అందులో పోస్తుంది. పారీ పండితుని రెండు తిరుగుడు బల్లలు చేసిన పనినే నేడు ఒక చిన్న చిప్పు చేస్తున్నదన్నమాట.

ఈ తెగడంలో ఒక మేలు కూడా కలదు. వేవ్ ఫైలు మొదటి గడిలోని మొత్తం పద్దును చాలా యంత్రాలు ఫైలు మూసేటప్పుడు గాని సరిగా వ్రాయవు. బ్యాటరీ హఠాత్తుగా అయిపోయినా, ఎవరైనా కార్డును లాగివేసినా ఆ పద్దు వ్రాయబడదు. అప్పుడు ఫైలు ఖాళీగా ఉన్నట్లు కనబడుతుంది. రాత్రంతా ఒకే ఫైలయితే రాత్రంతా చిక్కులో పడినట్లే. ముక్కలుగా ఉంటే, అంతకుముందే మూసిన ఫైళ్లు భద్రం. చిక్కు చివరిదానికి మాత్రమే. అట్టి సమయంలో ఖాళీగా కనబడిన ఫైలును చూసి కలతపడి, అదే కార్డుమీద మళ్ళీ రికార్డు చేయరాదు. శబ్దం కార్డుమీద ఉండి, పద్దు మాత్రమే లేకపోయి ఉండవచ్చును. తెలిసినవారు తగిన సాధనంతో దానిని తిరిగి తీయగలరు. క్రొత్త శబ్దం పైన పడినదా, ఇక ఎవరూ చేయగలిగినది లేదు.

కాబట్టి యంత్రం వల్ల కథకు వచ్చే ముప్పు స్వల్పం. మరునాడు ఉదయం మన చేతులవల్ల వచ్చే ముప్పే పెద్దది. నిద్రలేని కళ్లతో మొదటి ఫైలునే కంప్యూటరులోకి దించుకొని, కార్డును ఖాళీ చేసి, సాయంత్రం మరొకరి ఇంటి పెండ్లికి ఇవ్వడం జరుగుతుంది. లేదా నాలుగు ఫైళ్లనూ నలుగురు పంచుకొంటారు. ఎవరి దగ్గర ఏ భాగమున్నదో ఆరు నెలల తరువాత ఎవరికీ గుర్తుండదు. లేదా ఫైళ్లకు ‘మల్లన్న కొత్తది’, ‘మల్లన్న మంచిది’ అని పేర్లు మార్చుతారు. వరుస చెప్పే అంకె పోయి, పెండ్లి ముందో పుట్టుక ముందో తెలియకుండా పోతుంది. ఈ నష్టాలకు సాంకేతిక జ్ఞానం మందు కాదు. కొద్దిపాటి క్రమశిక్షణ మందు.

రికార్డుకు ముందు చేయవలసినవి నాలుగు. రికార్డరులోని గడియారాన్ని సరిచేయవలెను. ఫైళ్ల వరుసకు కాలమే సాక్షి. కార్డులో ఉన్న పాతవాటిని రెండుచోట్ల దాచుకొన్న తరువాత, కార్డును రికార్డరులోనే శుభ్రపరచవలెను. పైన చెప్పిన లెక్క ప్రకారం కథకు పట్టే చోటుకన్న రెట్టింపు చోటుగల కార్డు పెట్టవలెను. తెల్లవార్లు నడవడానికి బ్యాటరీని నమ్మక, వీలైతే విద్యుత్తు తీగకు కలపవలెను. కరెంటు పోతే బ్యాటరీ అందుకొనేటట్లు రెండూ సిద్ధంగా ఉండడం ఉత్తమం.

క్రొత్త రికార్డరు కొన్నవారు పెద్ద కథకు ముందే ఒక పరీక్ష చేయడం మంచిది. చవక యంత్రాలలో కొన్ని ఫైలు మారేచోట రవ్వంత శబ్దాన్ని జారవిడుస్తాయి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల అమరిక ఉంటే అందులో పెట్టి, ఎడతెగని తంబూరా శ్రుతిని వినిపిస్తూ గంటకు పైగా రికార్డు చేయవలెను. రెండు గిగాబైట్ల హద్దు ఆ అమరికలో 1 గంట 2 నిమిషాలకే వస్తుంది. తరువాత రెండు ఫైళ్లనూ కంప్యూటరులో ఒకదాని కొసకు మరొకటి అతికి, అతుకు దగ్గర చెవియొగ్గి వినవలెను. శ్రుతి తొట్రుపడకుండా సాగితే యంత్రం నమ్మదగినది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఫైళ్లను అతకకుండా, ఫోనులోనో ప్లేయరులోనో ఒకదాని తరువాత ఒకటి వినిపించినప్పుడు నడుమ చిన్న ఆగుదల వినబడవచ్చును. అది వినిపించే సాధనం ఒక ఫైలును మూసి మరొకటి తెరవడంలో చేసే జాప్యం. రికార్డింగులోని లోపం కాదు. అతికి విన్న తరువాతనే తీర్పు చెప్పవలెను.

కథ నడుస్తున్నప్పుడు చేయవలసినది ఒకటే: రికార్డరు జోలికి పోకుండుట. మొదలుపెట్టేటప్పుడు మాత్రం తేది, స్థలం, కథ పేరు, కథకుని పేరు, వంతల పేర్లు గొంతెత్తి చెప్పవలెను. కాగితం పోవచ్చును, ఫైలు పేరు మారవచ్చును. కంఠంతో చెప్పినది కథతోపాటే ఉంటుంది. కథకుడు విడిది తీసుకొన్నప్పుడు వీలు చూసి మనమే ఆపి, మళ్ళీ మొదలుపెట్టుకొంటే, ఫైలు యంత్రం కోరినచోట గాక కథ కోరినచోట ముగుస్తుంది. హద్దు ఎప్పుడు వస్తుందో లెక్క తెలిసినవారికి ఇది కష్టం కాదు. అయితే ఆపిన తరువాత తిరిగి మొదలుపెట్టడం మరచిపోయే స్వభావం గలవారు ఆ ప్రయత్నం చేయకుండుటే క్షేమం. తెల్లవారుజామున ఎవరి కన్నైనా మూతపడుతుంది. యంత్రానికి ఆ బలహీనత లేదు.

మరునాటి పని ఇంకను ముఖ్యం. కార్డులోని ఫైళ్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్లే, పేర్లు మార్చకుండా, ఒకే సంచిలోకి నకలు తీయవలెను. ఆ సంచికి తేది, ఊరు, కథ పేరు పెట్టవలెను. ఫైళ్ల నిడివిని కూడి, కథ నడచిన గంటలతో సరిచూడవలెను. మనం చెప్పుకొన్న ఉదాహరణలో అది 8 గంటలు రావలెను. 6 గంటల 12 నిమిషాలే వస్తే నాలుగవ ఫైలు ఎక్కడో పడిపోయినదన్నమాట. ఆ తరువాత వేరొక డిస్కుమీద ఇంకొక నకలు; వీలైతే వేరొక ఇంట్లో మూడవ నకలు. ఇవన్నీ అయ్యేవరకు కార్డును ముట్టుకొనరాదు. వినడానికి అతికిన పెద్ద ఫైలును చేసుకొనవచ్చును. కాని మూలపు ముక్కలను చెరపరాదు. అతికేటప్పుడు కూడా మొత్తం నాలుగు గిగాబైట్లు మించితే సాధారణ వేవ్ ఫైలులో పట్టదని మరచిపోరాదు. అందుకు వేరొక స్వరూపం ఉన్నది.

ఆ స్వరూపం ఐరోపా ప్రసార సంఘంవారు రూపొందించిన ఆర్‌ఎఫ్-64. పద్దు వ్రాసే గడికి ముప్పదిరెండుకు బదులు అరువదినాలుగు స్థానాలు ఇచ్చినారు. అనగా చదరంగపు బల్ల పూర్తిగా తెరుచుకొన్నది. ఆ గింజలు భూమిమీద పండే ధాన్యానికి మించినవని కథలోనే చెప్పుతారు. కార్డుల విషయంలోనూ అట్లే. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ అనే వ్యవస్థను 2009లో ప్రకటించిన పెద్ద కార్డుల ప్రమాణం స్వీకరించినది. 32 గిగాబైట్లు మించిన కార్డులలో సాధారణంగా ఉండేది అదే. అందులో నాలుగు గిగాబైట్ల హద్దు లేదు. అయినా నేటికీ చాలా రికార్డర్లు ఫైళ్లను తెంచుతూనే ఉన్నవి. ఎవరి పాత కంప్యూటరులోనైనా తెరుచుకొనవలెననే జాగ్రత్త ఒకటి, ప్రమాదం వస్తే చివరి ముక్కకే రావలెననే జాగ్రత్త మరొకటి. ఈ ఆచారం ఇంకను కొంతకాలం ఉంటుందనే మనము భావించవలెను.

చివరగా ఒక మాట. రికార్డు చేసే ముందు కథకుని అనుమతి కోరడం, చేసిన తరువాత అతుకులు సరిచేసిన సంపూర్ణమైన నకలును ఆయన ఇంటికి చేర్చడం మన ధర్మం. కథ ఆయన సొత్తు. ఆయన పిల్లలు, శిష్యులు దానిని విని నేర్చుకొనవలసినవారు. సగం కథ ఇవ్వడం వారికి ఏ మేలూ చేయదు. నాలుగు ఫైళ్లలో ఒకటి పోయిన రికార్డింగు, నడిమి ఆకులు చినిగిన తాటాకు గ్రంథం వంటిది. ఉన్నదాని విలువ కూడా తగ్గిపోతుంది. మల్లన్న పెండ్లి మూడవ ఫైలులో ఉండి, మనవద్ద మొదటి రెండే మిగిలితే, పట్నం వేసి పెండ్లి చేయకుండా వదలిన దోషం యంత్రానిది కాదు. కోతలు పెట్టడం దాని స్వభావం; కూర్చి ఉంచడం మన వంతు. ఈసారి మీ ఇంట, మీ వాడలో కథ జరిగినప్పుడు, కార్డును ఖాళీ చేసే ముందు అందులో ఎన్ని ఫైళ్లు ఉన్నవో ఒకసారి లెక్కపెట్టవలసినదిగా పాఠకులను కోరుతున్నాము.